నొసటి మీద యువరాజు

రాతి యాళి నోరు తెరిచింది. నోట్లోంచి ముందు పొగ, పొగ వెనకాల గొంతు బయటికి వచ్చాయి.

"ఎవడురా అక్కడ? ఉలూకాక్ష మాంత్రికుల వారి కోటలో అడుగు పెట్టాలంటే ముందు నన్ను గెలవాలి. దుయ్యి కత్తి!"

"ఓడిపోయానండీ," అన్నాడు బేతన.

యాళి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. "ఇంకా మొదలే పెట్టలేదు కదరా!"

"మొదలుపెట్టాక ఓడితే ఇద్దరికీ ఆయాసం. తమ కోరలు చూశాను, నాకది చాలు. ఇక కట్టేసి లోపలికి పంపుతారో, ఊరికే పంపుతారో తమ దయ."

గెలవాలని వచ్చిన వీరులను ఏం చెయ్యాలో యాళికి క్షుణ్ణంగా తెలుసు. గుమ్మం పక్కన గుట్టపడిన శిరస్త్రాణాలే అందుకు సాక్ష్యం. ఓడిపోయి మరీ వచ్చినవాణ్ణి ఏం చెయ్యాలో మాత్రం మాంత్రికుడు దానికి చెప్పి ఉండలేదు. అది కాసేపు మెడ గోక్కుంది, ఆకాశంకేసి చూసింది, చివరికి నోరు మూసుకుని పక్కకు జరిగింది.

బేతన దానికో నమస్కారం పెట్టి లోపలికి నడిచాడు. ధైర్యంగా నడిచేవాళ్ళను మాత్రమే కాల్చే అగ్ని కందకాన్ని అతను అప్పటికే కాళ్ళు వణికించుకుంటూ దాటాడు. ఎదిరించినవాణ్ణి చుట్టేసే పాముల వంతెన మీద ప్రతి పాముకూ విడివిడిగా క్షమాపణ చెప్పుకుంటూ పాకాడు. మడుగులో పడ్డప్పుడు మింగవచ్చిన మొసలితో "కానివ్వండి" అని ఒళ్ళు వదిలేశాడు. గింజుకోని తిండి రుచించక అది మొహం తిప్పుకుని పోయింది. ఇదంతా తెల్లవారి మొదలై భోజనాల వేళకల్లా అయిపోయింది. మహామహా వీరులకు కూడా ఆ దారి అంత తొందరగా సాగలేదు.

బేతన వీరుడు కాడు. పింగళగిరి రాజ్యంలో అతనిది ఓటమి కొలువు.

పింగళగిరి రాజవంశం ఆటల్లో ఓడిపోకూడదని శాసనం. రాజుగారు చదరంగం ఆడినా, పాచికలు వేసినా, పేక పట్టినా ఎదుటివాడు ఓడాలి. అదైనా ఊరికే ఓడితే చెల్లదు. చెమటలు కక్కి, జుట్టు పీక్కుని, ఇంకొక్క ముక్క పడి ఉంటే గెలిచేవాణ్ణే అని నిట్టూర్చి మరీ ఓడాలి. పొరపాటున గెలిచినవాడి తల కోట గుమ్మానికి ఎక్కుతుంది. "మీరు ఓడిపోయారు ప్రభూ" అన్నవాడికీ అదే శిక్ష. అంత సున్నితమైన పని అందరికీ చేతకాదు గనక దానికో వంశాన్ని నియమించారు. బేతన ఆ వంశంలో ఏడో తరంవాడు. ఊళ్ళో వాళ్ళు అతని ఇంటిని ఓటమివారిల్లు అనేవారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా బేతన చెయ్యి తనంత తానే మీసం మీదికి పోయేది.

యువరాజు అపరాజితవర్మ అయిదేళ్ళ వయసులో మొదటిసారి గవ్వలాటలో బేతనను గెలిచి, చప్పట్లు కొట్టి పకపకా నవ్వాడు. ఆ నవ్వుకు బేతన దాసోహమైపోయాడు. కన్నకొడుకులా ప్రేమించాడు ఆ పిల్లవాణ్ణి. ప్రేమించాడు గనకే ఒక్క ఆటలోనూ ఓడనివ్వలేదు. పెరిగి పెద్దవాడైన యువరాజు, ఇక ప్రపంచం ఒక్కటే మిగిలిందనుకుని దిగ్విజయ యాత్రకు బయలుదేరాడు. మంత్రులు ముందుగానే మనుషులను పంపి, దారిలోని రాజులందరినీ బతిమాలి, ఓడిపోవడానికి ఒప్పించి పెట్టారు. ఆ మనుషులు చేరలేకపోయిన చోటు ఉలూకాక్షుడి కోట ఒక్కటే.

మాంత్రికుడు రాజులకైతే పల్లకీ పంపి పిలిపించుకుంటాడు. నిన్న వచ్చిన పల్లకీ ఎక్కుతూ యువరాజు, "బేతనా, గుర్రాలకు మేత వెయ్యి. గెలిచి వచ్చి భోంచేస్తాను," అన్నాడు. సాయంత్రానికి బురుజు మీంచి కిరీటం ఒక్కటే దొర్లుకుంటూ వచ్చింది. బేతన ఆ రాత్రి కిరీటాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. తెల్లవారుతూనే లేచి, కోటకేసి నడిచాడు.

కోట నడిబొడ్డున సభామండపం. ఏం మండపం అది! పగడపు స్తంభాలు, స్తంభాలకు అల్లుకున్న వెండి తీగలు, తీగలకు వేలాడే కెంపుల గుత్తులు. పైకప్పున నీలాల ఆకాశం, అందులో ముత్యాల చుక్కలు, ఆ చుక్కలు మళ్ళీ ఊరికే ఉండక మెల్లగా తిరుగుతున్నాయి. నేలంతా నెమలి కన్నుల తివాచీ. పడమటి గోడకు నిలువెత్తు రంగుటద్దాల కిటికీ, దాంట్లోంచి ఎండ ఎర్రగా, పసుపుగా, పచ్చగా పడుతోంది. సాంబ్రాణి పొగతో బాటు కాచిన లక్క వాసన. ఇంత వైభవం మధ్యలో, గంధపు చెక్కతో చేసిన గుండ్రటి బల్ల దగ్గర, మాసిన శాలువా కప్పుకుని ఓ ముసలమ్మ ముక్కుపొడి పీలుస్తూ కూర్చుంది.

ఆమె పక్కన ఉలూకాక్షుడు. మనిషి తాటిచెట్టంత. కళ్ళు పళ్ళేలంత, పసుపుపచ్చగా, రెప్పలన్నవి లేకుండా ఉన్నాయి. ఆ కళ్ళు చూడగానే ఎవరైనా పారిపోవాలి. బేతన కూడా పారిపోయేవాడే, కానీ మాంత్రికుడి మొహం అంతలోనే పండగలా వెలిగింది.

"అమ్మా, ఆటకు మనిషి వచ్చాడే!"

"వచ్చాడు నాయనా, చూశాను. ముందు ఆయన్ని కూర్చోనీ," అంది ముసలమ్మ. ఆమె పేరు తుంగమ్మ.

"నేను ఆటకు రాలేదండీ," అన్నాడు బేతన చేతులు కట్టుకుని. "మా యువరాజుగారిని పంపించమని అడగడానికి వచ్చాను."

"అడిగితే పంపను, గెలిస్తే పంపుతాను," అని ఉలూకాక్షుడు బల్లమీది పేక కట్ట విసనకర్రలా పరిచాడు. గుండ్రటి లక్క ముక్కలు. ఒక్కో ముక్క మీదా ఒక్కో మనిషి బొమ్మ. బొమ్మల కళ్ళు కదులుతున్నాయి. "ఇక్కడ ఆడి ఓడినవాళ్ళు వీళ్ళంతా. ఇదిగో, మీవాడు."

బేతన వంగి చూశాడు. అపరాజితవర్మే. అదే కోటేరు ముక్కు, అదే ఎత్తిన కనుబొమ్మ. మూలన ముక్క విలువ చెప్పే చుక్కలు ఉండాలి. ఒకే ఒక్క చుక్క ఉంది.

"అయ్యా, మా ప్రభువు రాజవంశం. రాజు ముక్క కావాలి కదా?"

"ఆ చుక్కలు నేను పెట్టేవి కావయ్యా. ఓడినవాడి విలువ లక్కే తేలుస్తుంది. నిరుడు ఓ పడవవాడు వచ్చాడు, తొమ్మిదయ్యాడు. మీవాడు ఒకటయ్యాడు. ఏదో పొరపాటు జరిగిందని తిరగేసి కూడా చూశాం. మా అమ్మయితే నవ్వింది."

"నవ్వలేదు నాయనా, దగ్గాను," అంది తుంగమ్మ.

మాంత్రికుడు కిటికీకేసి వేలు చూపాడు. "లక్క ఇంకా పచ్చిగా ఉంది, నీళ్ళు పోస్తే కరుగుతుంది. ఓడిన మర్నాడు పొద్దు గూకితే గట్టిపడిపోతుంది. ఆ తరవాత నేను కూడా విడిపించలేను. కాబట్టి తొందరగా కూర్చో. నా గవ్వలన్నీ గెలుచుకుంటే నీకు కావలసిన ముక్క పట్టుకుపో. నేనిచ్చే గవ్వలు నీ దగ్గర అయిపోతే నువ్వూ కట్టలో చేరతావు."

బేతన కూర్చున్నాడు. ఆ క్షణంలో అతనికి ప్రాణభయం కంటే పెద్ద భయం ఇంకొకటి పట్టుకుంది. తను గెలవాలి. గెలవడం ఎలాగో అతనికి ఎవరూ నేర్పలేదు.

ఆట పేరు నొసలాట. తుంగమ్మతో కలిపి ఆడేది ముగ్గురు. ఒక్కొక్కరికీ ఒక్కటే ముక్క. ముక్క చూసుకోకూడదు. వెనక్కి తిప్పి, గంధం రాసి, నొసటికి అంటించుకోవాలి. ఎదుటివాళ్ళ ముక్కలు నీకు కనిపిస్తాయి, నీ ముక్క నీకు తప్ప అందరికీ కనిపిస్తుంది. వంతులవారీగా గవ్వలు పెంచుతూ పోవచ్చు, లేదా ముక్క దించి తప్పుకోవచ్చు. చివరికి నిలబడినవాళ్ళలో పెద్ద ముక్కవాడిది గవ్వల కుప్ప. ఒకటి అన్నిటికన్నా చిన్నది, పది దాటాక మంత్రి, మంత్రి మీద రాజు. రాజును నొసట పెట్టుకుని తెలియక దించేసినవాడు మాత్రం ఉన్న గవ్వలన్నీ ఇచ్చుకోవాలి. ఈ ఒక్క నిబంధన వల్లే ఎంతో మంది మహారాజులు ఆ కట్టలో బొమ్మలైపోయారు. ఇంకో సంగతి, ఆట మధ్యలో ముక్కను తాకకూడదు. జారి పడితే ఓడినట్టే.

బేతనకు ఆట అర్థమవడానికి రెండు పంపకాల సేపు పట్టలేదు. తన ముక్క తనకు కనబడదు గనక, ఎదుటివాడి మొహమే తనకు అద్దం. ఓటమివారింట్లో పిల్లలకు అక్షరాల కన్నా ముందు నేర్పేది అదే. రాజుగారి చేతిలో ఏముందో ఆయన మొహంలో చదవలేనివాడు సరిగ్గా ఓడలేడు. "మొదటి చూపు పట్టుకోరా," అనేవాడు తండ్రి. "ముక్క చూసీ చూడగానే మనిషి కన్ను నిజం చెప్పేస్తుంది. తరవాత ఎంత సర్దుకున్నా నువ్వు దాన్ని లెక్కచెయ్యకు." ఇంకా చెప్పేవాడు, పడిపోయిన ముక్కలు గుర్తుంచుకోమని, మొదట్లో చిన్నచిన్నగా ఓడి ఎదుటివాడి పోకడ కొనుక్కోమని, ఇద్దరు ఎదురుంటే వాళ్ళు నిన్ను కాక ఒకళ్ళనొకళ్ళు ఎలా చూసుకుంటున్నారో చూడమని. అన్నీ ఓడటానికి పనికొచ్చే సలహాలే. వాటిని తిరగేస్తే గెలుపు రావాలి, న్యాయంగా.

రాలేదు. ఉలూకాక్షుడికి రెప్పలు లేవు, కనుపాప కదలదు. చిన్న ముక్కకీ పెద్ద ముక్కకీ అదే గుడ్లగూబ చూపు. అద్దంలో బొమ్మే పడకపోతే ఎవరేం చేస్తారు? దానికితోడు బేతన చెయ్యి. పందెం కాస్త వేడెక్కగానే అది తనంత తానే లేచి నొసటి ముక్కను దించేస్తోంది. ఏడు తరాల అలవాటు. ఒకసారి మంత్రిని దించేశాడు. ఇంకోసారి పదిని దించేసి, "ఇంకొక్క చుక్క పడి ఉంటే..." అని అలవాటుకొద్దీ నిట్టూర్చాడు కూడా.

"ఎంత బాగా ఓడుతున్నాడమ్మా!" అని మాంత్రికుడు మురిసిపోయాడు. బేతనకు ఒక్క క్షణం గర్వం వేసింది. వెంటనే సిగ్గేసింది.

రంగుటద్దాల వెలుగు బల్లమీంచి జారి తివాచీ మీదికి పోయింది. బేతన గవ్వలు పిడికెడుకు వచ్చాయి.

అప్పుడు జరిగింది అది. ఉలూకాక్షుడి నొసట నాలుగు, తుంగమ్మ నొసట మంత్రి. తుంగమ్మ తన కొడుకు నొసలు చూసింది, బేతన నొసలు చూసింది, టక్కున ముక్క దించేసింది. బేతన చెయ్యి కూడా యథాప్రకారం లేచి అతని ముక్క దించింది. చూసుకుంటే మూడు.

బేతన మూడుకేసి చూస్తూ ఉండిపోయాడు. ముసలమ్మకు ఎదురుగా కనబడ్డవి మూడూ, నాలుగూ. అంత చిన్న ముక్కలు రెండు చూసిన మనిషి, గెలవాలన్న కోరిక ఏ మూలన ఉన్నా, నిలబడుతుంది. పొరపాటున దించడానికి కూడా వీల్లేని చోట ఆమె దించేసింది. తెలివితక్కువ వల్లనా? ఇంత నిదానంగా, ఇంత అందంగా, దించాక ఆ చిన్న నిట్టూర్పుతో సహా! ఆ నిట్టూర్పు బేతనకు తెలుసు. వాళ్ళ తాతది.

దాంతో అతను మాంత్రికుణ్ణి చూడటం మానేసి తల్లిని చూడటం మొదలుపెట్టాడు. మరో రెండు పంపకాలు గడిచేసరికి మొత్తం విప్పుకుంది. కొడుకు ముక్క బేతన ముక్క కన్నా పెద్దదైతే తుంగమ్మ ఊరికే కూర్చుంటుంది. చిన్నదైతే, చిటికెడు ముక్కుపొడి పీల్చి ఒక్క తుమ్ము తుమ్ముతుంది. ఒంటి తుమ్ము అపశకునం కదా! గవ్వలు తొయ్యబోయిన మాంత్రికుడు చెయ్యి వెనక్కి తీసుకుని, "అమ్మ తుమ్మింది, వద్దులే," అని ముక్క దించేస్తాడు. దయ్యాలను గడపకు కట్టేసుకున్నవాడికి తుమ్మంటే భయం. తనెందుకు ఓడటంలేదో అతనికి తెలియదు, తన బుద్ధిబలం అనుకుంటున్నాడు.

ఓ గవ్వ దొర్లి బల్లకింద పడింది. మాంత్రికుడు దానికోసం వంగాడు. బేతన గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, తమరిదీ ఓటమి కొలువేనా?"

తుంగమ్మ ఉలిక్కిపడలేదు. శాలువా సర్దుకుంది. "కొలువేంటి నాయనా, కన్నదాన్ని. చిన్నప్పుడు గోలీలాటలో ఒకసారి ఓడితే ఏడ్చి ఏడ్చి అన్నం ముట్టలేదు వీడు. చూడలేకపోయాను. అప్పట్నుంచీ ఇదే." ఆమె బేతన కళ్ళలోకి చూసింది. "నీకూ ఒకడున్నాడా?"

"ఉన్నాడమ్మా. ఆ కట్టలో ఉన్నాడు."

"అయ్యో," అంది తుంగమ్మ. నిజంగానే అంది. తన ముక్కుపొడి డబ్బీ తెరిచి అతనికి చిటికెడు ఇచ్చింది. "నీ బాధ నాకు తెలుసు నాయనా. అయినా నేను తుమ్మడం మానను."

"మానొద్దమ్మా. తమరి స్థానంలో నేనున్నా మానను," అన్నాడు బేతన. మర్యాదకు తీసుకున్న ఆ చిటికెడు పొడిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

ఎండ తివాచీ అంచుకు చేరింది. కట్ట అడుగంటింది. ఆఖరి ముక్కలు పంచారు, గంధం రాసుకున్నారు, నొసళ్ళకు అంటించుకున్నారు. బేతన తలెత్తి చూశాడు.

ఉలూకాక్షుడి నొసటి మీద యువరాజు ఉన్నాడు.

ఒకటి. కట్టలో ఒకట్లు నాలుగు. మిగతా మూడూ ఎప్పుడో పడిపోయాయి, బేతన కళ్ళారా చూశాడు. అంటే తన నొసట ఏమున్నా సరే, దీనికన్నా పెద్దదే. ఇంతకన్నా ఖాయమైన గెలుపు ఏ ఆటలోనూ ఉండదు. మాంత్రికుడు నిలబడితే చాలు.

నిలబడేలాగే ఉన్నాడు. బేతన ముక్క చూసి గవ్వలు దోసిళ్ళతో తోస్తున్నాడు. ఆ దూకుడు చూస్తే బేతనకు అర్థమైంది, తన నొసట రెండో మూడో ఉండి ఉంటుంది. పరవాలేదు. రెండు కూడా ఒకటి కంటే పెద్దదే.

తుంగమ్మ తన ముక్క దించేసింది. బేతన తన పిడికెడు గవ్వలూ ముందుకు తోశాడు. గవ్వలు తక్కువ పడితే తన పేరు, తన గొంతు, తన నీడ కలిపి పెడతానన్నాడు. మాంత్రికుడు ఒప్పుకున్నాడు. ఇక అతను తన గుట్ట మొత్తం తోస్తే అయిపోతుంది.

అప్పుడు లక్క ముక్కలోంచి అపరాజితవర్మ బేతనను చూశాడు. కనుబొమ్మ ఎత్తాడు. అయిదేళ్ళ వయసు నుంచీ ఎత్తుతున్న కనుబొమ్మే అది. ఇక ఓడిపో బేతనా, నాకు ఆకలేస్తోంది అని దాని అర్థం. బేతన ఎడమ చెయ్యి లేచింది. నొసటి దాకా వెళ్ళింది. ముక్క అంచు మీద వేళ్ళు వాలబోయాయి. జన్మలో మొదటిసారి బేతన తన చేతిని తనే పట్టుకుని, కిందికి లాగి, తొడకింద పెట్టి దానిమీద కూర్చున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. 'నిన్ను కాపాడాలంటే నిన్నే ఓడించాలి నాయనా,' అనుకున్నాడు. యువరాజు బొమ్మ మండిపడుతూ చూసింది.

మాంత్రికుడు రెండు చేతులూ గవ్వల గుట్ట చుట్టూ వేశాడు.

"హాచ్!" అంది తుంగమ్మ.

ఉలూకాక్షుడి చేతులు ఆగిపోయాయి. "అమ్మ తుమ్మింది," అన్నాడు నిరాశగా. "వద్దులే." చెయ్యి తన నొసటికేసి ఎత్తాడు.

కిటికీలో ఎర్రటి పొద్దు సగం మునిగింది. బేతన మరేమీ ఆలోచించలేదు. వేళ్ళ మధ్యనున్న పొడి అంతా ఒక్క పీల్పున ముక్కులోకి లాగాడు. తుమ్మితే ముక్క ఎగిరి పడుతుంది, పడితే ఓటమి. అందుకని తల వెనక్కి వాల్చి, మొహం ఆకాశానికి ఎత్తి, ముక్క నొసటి మీద పళ్ళెంలో అప్పడంలా పడుకుని ఉండగా, పైకప్పు ముత్యాలు అదిరేలా తుమ్మాడు.

"హా...చ్చీ!"

ముక్క కదిలింది. జారింది. కనుబొమ్మ దగ్గర ఆగింది.

"రెండో తుమ్ము!" మాంత్రికుడి మొహం విచ్చుకుంది. "అమ్మా, జంట తుమ్ము అయిందే! జంట తుమ్ము శుభం!"

"అది జంట ఎలా అవుతుందిరా, ఎవరి తుమ్ము వాళ్ళదే," అంది తుంగమ్మ గాభరాగా.

"ఒకే గదిలో, ఒకదాని వెంట ఒకటి. జంటే!"

తుంగమ్మ డబ్బీలోంచి పెద్ద చిటికె తీసి పీల్చింది. ముక్కు ఎగబీల్చింది. నోరు తెరిచింది. ముక్కు ఎర్రబడింది, కళ్ళు చెమర్చాయి, శాలువా జారింది. మూడో తుమ్ము పడితే మళ్ళీ అపశకునమే. కానీ కావలసినప్పుడు తుమ్ము రాదు. ఆమె నోరు తెరుచుకుని, చెయ్యి గాలిలో ఆపుకుని, అలా రాబోతూ రాబోతూ ఉండగా మాంత్రికుడు గవ్వలన్నీ బల్ల మధ్యకు తోసేశాడు.

"చూపు!"

"హాచ్," అంది తుంగమ్మ నీరసంగా.

బేతన ముక్క దించి బల్లమీద పెట్టాడు. రెండు. ఉలూకాక్షుడు తన ముక్క దించాడు. ఒకటి. చాలాసేపు ఆ రెండింటినీ మార్చి మార్చి చూశాడు. పళ్ళేలంత కళ్ళలో నీళ్ళు నిండాయి. రెప్పలు లేవు గనక అవి ఆగకుండా కారిపోయాయి.

"అమ్మా," అన్నాడు, "నేను... నేను ఓడిపోయానా?"

తుంగమ్మ కొడుకు తలను ఒళ్ళోకి తీసుకుంది. ఆ తాటిచెట్టంత మనిషి అందులో పట్టలేదు.

బేతన అది చూసే తీరికలో లేడు. ముసలమ్మ పక్కనున్న నీళ్ళ చెంబు లాక్కుని యువరాజు ముక్క మీద కుమ్మరించాడు. పచ్చి లక్క ఎర్రగా కరిగి పారింది. ఆ ఎరుపులోంచి ముందు ముక్కు, తరవాత కనుబొమ్మ, వాటి వెనక మిగతా యువరాజు అంతా బల్లమీదికి లేచి కూర్చున్నాడు. చెవుల వెనక కాస్త లక్క మిగిలిపోయింది. అంతే, కిటికీలో పొద్దు గూకింది.

బేతన అతని పాదాలు రెండూ పట్టుకుని భోరుమన్నాడు. "వచ్చారా ప్రభూ! వచ్చేశారా!"

"ఎక్కడికి పోయానని? కాస్త కునుకు పట్టినట్టుంది," అన్నాడు అపరాజితవర్మ ఆవులిస్తూ. బల్లమీది గవ్వల కుప్పను, ఏడుస్తున్న మాంత్రికుణ్ణి చూశాడు. "ఆట అయిపోయిందా? ఎవరు గెలిచారు?"

బేతన నోరు తెరిచాడు. చెప్పాలనుకున్నది వేరు. నాలుక ఏడు తరాల నాలుక.

"తమరే ప్రభూ."

"అదీ! అనుకున్నాను," అని యువరాజు పకపకా నవ్వాడు. అయిదేళ్ళనాటి నవ్వే. ఆ నవ్వు వినగానే బేతన కడుపు నిండిపోయింది. ఇక తలుపుకేసి రెండు అంగలు వేస్తే బతికిపోతారు.

"ఇంకో ఆట!" అన్నాడు మాంత్రికుడు తల్లి ఒళ్ళోంచి వెక్కుతూ. "ఒక్కటే ఒక్క ఆట! నేను ఓడి పడుకోలేను. నాకు అన్నం సయించదు. ఒక్క ఆట ఆడి పొండి!"

"వద్దు ప్రభూ, పొద్దుపోయింది, గుర్రాలకు మేత..."

"ఉండు బేతనా. ఇంత పెద్దవాడు అలా ఏడుస్తుంటే చూసి పోతామా? కట్ట కలపవయ్యా. గవ్వలన్నీ నువ్వే తీసుకో. వాటికి బదులు మా పణం కావాలా? ఇదిగో, బేతన ఉన్నాడు."

"ఒప్పు!" అన్నాడు మాంత్రికుడు. ఆ మాటతో బేతన పాదాలు చల్లబడ్డాయి. వంగి చూసుకుంటే గోళ్ళ మీద ఎర్రటి లక్క పాకుతోంది. అరవబోయాడు. పణానికి పెట్టిన వస్తువుకు నోరుండదని ఆ క్షణంలోనే అతనికి తెలిసింది.

ముక్కలు పంచారు. ఉలూకాక్షుడి నొసట రెండు. అపరాజితవర్మ నొసట సాక్షాత్తూ రాజు. బేతన గుండె ఎగిరి గంతేసింది. కదలకుండా కూర్చుంటే చాలు, పిల్లవాడు మొదటిసారి నిజంగా గెలుస్తాడు!

యువరాజు మాంత్రికుడి తడికళ్ళను చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతనికి ఎదుటివాడి మీద జాలి కలిగింది. బేతనవైపు తిరిగి, కన్నుగీటి, గుసగుసగా అన్నాడు.

"పాపం, ఏడుస్తున్నాడు. ఈ ఒక్క ఆటా వదిలేద్దాం. ఓడిపోవడం ఎంతసేపు? నువ్వు రోజూ చేసే పనేగా."

అతని చెయ్యి నిదానంగా, అచ్చం బేతన చెయ్యి లేచినట్టే, నొసటికేసి లేచింది.

లక్క మోకాళ్ళు దాటింది. ఒక్క తుమ్ము పడితే చాలు, మాంత్రికుడే ముందుగా ముక్క దించేస్తాడు. బేతన ముక్కుపొడి డబ్బీకేసి ప్రాణాలన్నీ కళ్ళలో పెట్టుకుని చూశాడు. తుంగమ్మ అతని చూపు గమనించింది. "ఏం చెయ్యను నాయనా," అంది మెల్లగా, "నా కొడుకు అన్నం తినాలి." డబ్బీ మూత టక్కున మూసి, కొంగున ముడేసుకుంది.